మెడలో లేని మందు

శవం కింద గడ్డి కాలలేదు.

మామిడికాయలు మాగేసే ఆ కొట్లో గోడలు మాడి నల్లబడ్డాయి. తలుపు ఊడి అవతల దిబ్బ మీద పడింది. గంపల్లో కాయలు ఉడికి, పగిలి, రసం కారి ఎండిపోయింది. కానీ కొట్టు మధ్యలో, మనిషి వెల్లకిలా పడుకున్నంత మేర, వరిగడ్డి నిన్న పరిచినట్టు పసుప్పచ్చగా ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని గుప్పెడు తీసి చూశాను. ఒక్క పరక చెదరలేదు. లేవబోతే పైన రేకు నా బట్టతలకి తగిలి చుర్రుమంది. నేనేమీ ఆజానుబాహుణ్ణి కాను. అయినా ఆ కొట్లో నిటారుగా నిలబడ్డానికి లేదు.

"ఏంటండీ డిటెక్టివ్ గారూ, గడ్డి మేస్తున్నారా?" అన్నాడు గుమ్మంలోంచి ఎస్సై పున్నయ్య.

ఈ పున్నయ్యది నలగని చొక్కా, నలగని మొహం. నేను పోలీసు ఉద్యోగం వదిలేసి బెజవాడలో 'నారాయణరావు, ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు పెట్టుకున్న దగ్గర్నుంచీ ఈ వైపు ఏ కేసు తగిలినా ఎదురుగా ఇతనే. ఎక్కువసార్లు గెలిచిందీ ఇతనే. అందుకే నేనంటే అతనికి కోపం లేదు, జాలి. కోపమైతే భరించేవాణ్ణి.

"మేసి మీకూ కాస్త మిగులుస్తాను లెండి. ఇలా వచ్చి చూడండి."

"చూశాను."

"ఏం కనిపించింది?"

"గడ్డి."

"కాలని గడ్డి! బతికున్న మనిషికి నిప్పంటుకుంటే పొర్లుతాడు, కాళ్ళు తన్నుకుంటాడు, తలుపు దగ్గరికి పాకుతాడు. ఇతను పక్కకి ఒత్తిగిల్లను కూడా లేదు. నిప్పు పెట్టేసరికే పోయాడు."

"తాగి పడి ఉంటాడు. ఊరూ పేరూ లేని బిచ్చగాడెవడో చోటు దొరక్క దూరాడు. జోజి వచ్చి నిప్పు పెట్టాడు. వీడు పోయాడు, వాడు పారిపోయాడు. అంతకు మించి ఇందులో ఏం లేదండీ."

"కార్బైడు పొట్లాలు పెట్టి, తలుపు సందులకి మట్టి మెత్తేసిన కొట్లో పడుకున్నాడా? ఈ నూజివీడు చుట్టుపక్కల కుక్క కూడా మాగేసిన కొట్లో పడుకోదు పున్నయ్యగారూ. కళ్ళు మండిపోయి, ఊపిరాడక చస్తుంది."

"చచ్చాడుగా మరి," అని నవ్వి జేబురుమాలు ముక్కుకి పెట్టుకున్నాడు.

నవ్వే వాడితో వాదించి నేనెప్పుడూ బాగుపడలేదు.

కేసు సంగతి ఇది. జోజి గోరింటపాలెం మామిడి యార్డులో ముఠా కూలీ. మీసాలు రాని వయసు నుంచీ నెత్తిన కాయల గంపలు మోసి మోసి మెడ అరగ్గొట్టుకున్నవాడు. ఈ ఎనభై నాలుగు వేసవిలో వ్యాపారి పెద్దిరాజు 'ఇంక నువ్వు మొయ్యలేవు పో' అని అతన్ని ముఠాలోంచి తీసేశాడు. జోజి నలుగురిలో నిలబడి 'నీ కొట్టు తగలబడిపోను' అని తిట్టాడు. ఆ తిట్టే పీకకి చుట్టుకుంది. పెద్దిరాజు రిపోర్టిచ్చాడు, పున్నయ్య జోజిని స్టేషన్‌కి పట్టుకెళ్ళాడు. అదే సాయంత్రం వదిలేశానంటాడు. జోజి మాత్రం ఇంటికి చేరలేదు. మర్నాడు తెల్లవారేసరికి కొట్టు తగలబడి ఉంది. లోపల మొహం ఆనవాలు తెలియని ఒక మగ శవం.

జోజి భార్య సవరమ్మ కాన్వెంటు స్కూల్లో వంటమనిషి. అక్కడి సిస్టర్లు నన్ను పిలిపించారు. ఆర్డీవో గారితో మాట్లాడి, శవం ఎవరిదో తేలేదాకా నాకు అడ్డు చెప్పొద్దని ఆయన చేత చెప్పించారు. అందుకే పున్నయ్య నన్ను గెంటెయ్యకుండా జోకులతో సరిపెడుతున్నాడు.

"ఆస్పత్రిలో ఉన్న శవాన్ని ఇవాళ పంచాయతీ వాళ్ళకి అప్పజెప్పి దహనం చేయిస్తున్నాను," అన్నాడు కొట్టు బయటికి వచ్చాక. "ఐసు హనుమాన్ జంక్షన్ నుంచి తెప్పించాలి, అదేమో దారిలోనే సగం నీళ్ళవుతోంది. ఈలోగా అది జోజి శవమేనని మీరు రుజువు చెయ్యండి, చచ్చినవాడి మీద కేసేముంటుంది, ఫైలు మూసేస్తాను. చెయ్యలేకపోయారా, జోజి హంతకుడు. దొరికిన రోజున ఉరి. మీకు ఏది ఇష్టమో చూసుకోండి."

చూసుకోవడానికి నాకేముంది? చూసుకోవలసిన మనిషి ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉంది.

సవరమ్మకి నలభై ఉంటాయేమో. ఏడ్చిన జాడ లేదు. నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోమంటే స్తంభానికి ఆనుకుంది గానీ కూర్చోలేదు.

"ఒంటి మీద గుర్తేమైనా ఉందా అమ్మా? పుట్టుమచ్చా, కట్టుడు పన్నా?"

"చర్మమే లేదన్నారు కదండీ, ఇంక పుట్టుమచ్చేంటి?"

"మెళ్ళో మాత పతకం గానీ?"

"స్టేషన్‌కి పోయేటప్పుడు తీసి నా చేతిలో పెట్టి వెళ్ళాడండి. వాళ్ళు తెంపేస్తారని."

"తర్వాత నువ్వు చూడలేదా?"

"మజ్జాన్నం కేరేజీ పట్టుకెళ్ళాను. లోపలికి పోనివ్వలేదు. కానిస్టేబుల్ తీసుకెళ్ళి ఖాళీ గిన్నెలు తెచ్చిచ్చాడు. తిన్నాడన్నాడు. సాయంత్రం మళ్ళీ పోతే వదిలేశాం, ఇంటికి రాలేదా అని నన్నే అడిగారండి."

"చింతలపూడిలో మీ వాళ్ళున్నారన్నావు. అక్కడికి పోయాడేమో?"

"నాకు చెప్పకుండా పక్క వీధికి కూడా పోడండీ ఆయన." స్తంభం వదిలి నా ముందుకి వచ్చింది. "బాబుగారూ, మిమ్మల్నొకటి అడగనా? నేనేం కోరుకోవాలి? ఆ శవం ఆయనది కాకూడదని మొక్కుకుంటే ఆయన హంతకుడంట, దొరికితే ఉరేస్తారంట. ఆయనదే కావాలని మొక్కుకోనా? కట్టుకున్నదాన్ని, ఆ మాట నోటెట్లా వస్తుందండీ? నిన్న చర్చిలో మోకాళ్ళేసుకుని కూర్చున్నాను. ఏం అడగాలో తెలీలేదు. లేచొచ్చేశాను."

వెధవ ఉద్యోగం, ఇలాంటప్పుడు ప్రశ్నలే పనికొస్తాయి. "మెడ నొప్పికి ఎక్కడైనా వైద్యం చేయించారా?" అని అడిగాను.

"రెండేళ్ళ కిందట కాళ్ళు తిమ్మిర్లెక్కి నడవలేకపోతే బెజవాడ తీసుకెళ్ళామండి. నడుంలో సూది గుచ్చి, మెడకి మందు పంపించి ఫోటోలు తీశారు. బల్లకి కట్టేసి తలవైపు కిందికి వంచారంట. మళ్ళీ ఆ బల్ల ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆపరేషను అన్నారు, భయపడి వచ్చేశాం."

నేను అక్కడితో ప్రశ్నలాపి గబగబా లోపలికి నడిచాను.

డాక్టర్ లేయాకి ముప్ఫై దాటి ఉండవు. ఆ ఆస్పత్రికంతటికీ ఆవిడ ఒక్కతే డాక్టరు. పోస్ట్‌మార్టం చేసిందీ ఆవిడే, పుర్రె కోసే రంపం లేక ఛాతీ వరకే తెరిచింది. పైపైన కాలాడు, ఊపిరితిత్తుల్లో మసి లేదు, అంటే నిప్పంటుకునేసరికే ఊపిరి లేదు అని నిన్ననే రాసిచ్చింది. పున్నయ్య దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. జోజికి బెజవాడలో జరిగిన పరీక్ష గురించి చెప్పగానే ఆవిడ కుర్చీలోంచి లేచింది.

"ఆ జోజేనా ఈ జోజి? ఆ పరీక్షప్పుడు నేను అక్కడే హౌస్‌సర్జన్నండీ. గడ్డం పట్టుకున్నది నేనే!"

"గడ్డం పట్టుకోవడమేంటి?"

"దాన్ని మైలోగ్రాం అంటారు. మామూలు ఎక్స్‌రేలో ఎముకలే కనిపిస్తాయి, లోపలి వెన్నుపాము కనిపించదు. అందుకని నడుం దగ్గర సూది గుచ్చి, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి ఒక మందు ఎక్కిస్తాం. అది ఎక్స్‌రేలో తెల్లగా పడుతుంది. ఎక్కడ ఒత్తిడి ఉందో అక్కడ ఆ తెలుపు తెగిపోయి కనిపిస్తుంది. ఆ మందు నీటికంటే బరువు. మెడ చూడాలంటే మనిషిని బల్లకి కట్టి తలవైపు వంచాలి, అది మెల్లిగా మెడలోకి జారుతుంది. అప్పుడొకరు తల వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి పట్టుకోవాలి. అలా పట్టుకుంటే మందు మెడ దగ్గరే ఆగుతుంది. వదిలేస్తే తలలోకి పోతుంది."

"ఆ మందు ఇంకా ఒంట్లో ఉంటుందా?"

"నీళ్ళలో కరిగే మందైతే మర్నాటికే పోయేది. ఫారిన్‌లో ఇప్పుడు అదే వాడుతున్నారట, మన దాకా రాలేదు. మేం వాడింది నూనె మందు. పరీక్ష అయ్యాక సూదితో వెనక్కి లాగెయ్యాలి. సగం లాగేసరికి కాళ్ళు పీకేస్తున్నాయని అరిచాడు, పెద్ద డాక్టరుగారు వదిలెయ్యమన్నారు. మిగిలింది ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది నారాయణరావుగారూ. మనిషి పోయినా ఉంటుంది."

నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. చర్మం లేకపోతేనేం, మొహం లేకపోతేనేం! వెన్నులో తెల్లటి చుక్కలుంటే జోజి, లేకపోతే కాదు. పున్నయ్యకి కబురు పెట్టాను. కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని తాపీగా వచ్చాడు. సంగతి విని, "తీయండి తీయండి, ఆస్పత్రి ఫిల్ములు, నాదేం పోయింది?" అని సిగరెట్ వెలిగించి ఎక్స్‌రే గది కిటికీలో కూర్చున్నాడు.

శవాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆ వాసన గురించి రాయను. డాక్టర్ లేయా మెడకి గురిపెట్టి ఫోటో తీసి, పక్కనున్న చీకటి గదిలో కడిగి తెచ్చింది. కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని చూశాం. మెడ ఎముకలు ఒకదాని మీద ఒకటి అరిగిపోయి కనిపించాయి. చుక్క మాత్రం ఒక్కటీ లేదు.

"ఏదండీ మీ నూనె?" అన్నాడు పున్నయ్య పొగ వదులుతూ.

"మెడ అరిగి ఉంది చూడండి."

"ఈ ఊళ్ళో గంప మోసిన ప్రతివాడి మెడా అంతే. మోసి మోసి చివరికి అడుక్కు తినేవాళ్ళు ఎంతమంది లేరు?"

ఈ మాట మాత్రం నిజమే. అంతలో డాక్టర్ లేయా నుదురు కొట్టుకుంది. "మనదే తెలివితక్కువండీ! పరీక్ష మెడకి చేశాం కదా అని మెడలో వెతుకుతున్నాం. రెండేళ్ళు కాళ్ళ మీద తిరిగిన మనిషి. నూనె బరువు కదా, ఎప్పుడో కిందికి దిగిపోయి ఉంటుంది. నడుం కింద, కూర్చునే ఎముక దగ్గర, ఆ నీళ్ళుండే సంచీ అడుగున చేరుతుంది."

మళ్ళీ ఇంకో ఫిల్మ్. ఈసారి నడుం. చీకటి గది బయట నిలబడి నేను గోళ్ళు కొరుక్కున్నాను. కరెంటు రెండుసార్లు రెపరెపలాడింది. నాకు తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకున్నాను, తలుచుకుంటున్నది ఒక మనిషి చచ్చిపోయి ఉండాలని అని గుర్తొచ్చి ఆపేశాను.

నడుంలోనూ లేదు. ఎముకలు తప్ప ఏమీ లేదు.

"అయిపోయిందాండీ?" అన్నాడు పున్నయ్య ఎంతో మర్యాదగా. "వాడు జోజి కాదని మీరే తేల్చారు. థాంక్స్. కోర్టులో డాక్టరుగారు ఇదే మాట చెబితే చాలు."

నా చేత్తో నేనే జోజికి ఉరితాడు పేనాను. శవం ఆనవాలు తెలియనంత కాలం అనుమానమైనా ఉండేది. ఇప్పుడు డాక్టరు సాక్ష్యం కూడా పున్నయ్య జేబులోకి వెళ్ళింది. గుమ్మంలో సవరమ్మ నిలబడి ఉంది, ఎప్పుడొచ్చిందో తెలీదు.

"ఆయన కాదాండీ?" అంది.

"కాదంటున్నాయమ్మా ఫోటోలు."

ఆవిడ మొహం ఒక్క క్షణం వెలిగింది. నిజంగా వెలిగింది, బతికున్నాడని. అంతలోనే ఆ బతికున్నవాడి గతేమిటో గుర్తొచ్చినట్టుంది, ద్వారబంధం పట్టుకుంది. "ఎక్కడున్నాడో, అన్నం తిన్నాడో లేదో," అని గొణుక్కుంటూ వరండాలోకి పోయింది. ఆవిణ్ణి చూస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

నేను ఓడిపోయినా ఒప్పుకోని రకం. అది నా గొప్ప కాదు, జబ్బు. ఫిల్ములు రెండూ మళ్ళీ తీసి చూశాను. మెడ చూశాం, నడుం చూశాం.

"వీపు మధ్యలో ఎక్కడైనా ఆగిపోయి ఉంటుందా డాక్టరుగారూ?"

"ఈ రెండు ఫిల్ముల్లో వీపు కూడా చాలా మట్టుకు పడిందండీ. లేదు."

"మిగిలింది తల."

"తలలోకి ఎలా పోతుంది? ఆ రోజు ఒక్క చుక్క పోనివ్వలేదు. నా చేతులు పడిపోయేదాకా గడ్డం పట్టుకున్నాను. చివర్లో తల ఫోటో తీసి చూసి మరీ పంపించాం."

"ఆ తర్వాత పోకూడదా? వంగి గంపలెత్తినప్పుడు?"

"వంగితే పోదండీ, అది జిగురు నూనె, చాలా మెల్లిగా కదులుతుంది. పడుకున్నా పోదు. మనిషిని పూర్తిగా తలకిందులు చేసి, చాలాసేపు అలాగే ఉంచితే తప్ప..."

కిటికీలో పున్నయ్య రెండో సిగరెట్ ఇంకా సగం ఉంది. దాన్ని గోడకి నొక్కి ఆర్పాడు.

"చాలు," అన్నాడు. "బండి వచ్చింది. శవాన్ని తీయండి."

పొద్దుట్నుంచీ నవ్వుతూనే ఉన్న మనిషి. ఆ మొహంలో నవ్వు పోవడం నేను మొదటిసారి చూశాను.

"తొందరేముందండీ? ఇంకొక్క ఫోటో."

"సర్కారు ఫిల్ములు మీ సరదాకి కాదు."

"ఇందాక నాదేం పోయిందన్నారుగా? ఇప్పుడేం పోతోంది?"

"నారాయణరావుగారూ," అన్నాడు. డిటెక్టివ్ గారూ అనలేదు. "ఇంటికి పోండి."

నేను డాక్టర్ లేయా వైపు చూశాను. ఆవిడ పున్నయ్య వైపు చూడకుండా, కొత్త ఫిల్మ్ పెట్టి, శవం తల పక్కకి తిప్పి, మీట నొక్కేసింది. అంతా నాలుగు ఊపిర్లలో అయిపోయింది. ఫిల్మ్ పట్టుకుని చీకటి గదిలోకి దూరింది, వెనకే నేనూ దూరి గడియ వేశాను. ఎర్రలైటు కింద ఆవిడ ఫిల్మ్‌ని ట్యాంకులో ముంచింది. మే నెల ఎండకి ట్యాంకులో నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. "ఈ వేడికి ఫిల్మ్ మీద జిగురు మెత్తబడిపోతుందండీ, ఆరేదాకా ముట్టుకోకూడదు," అంది, ఏదో ఒకటి మాట్లాడాలి కనుక.

బొమ్మ మెల్లిగా తేలింది. పుర్రె. దాని అడుగున, చెవులకి మధ్యగా, తెల్లటి చుక్కలు. చెల్లాచెదురుగా, కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి, పళ్ళెంలో వదిలేసిన అన్నం మెతుకుల్లా.

జోజి దొరికాడు.

తలకిందులుగా వేలాడేవాడికి ఎదుటివాళ్ళ మొహం కనిపించాలంటే గడ్డం గుండెలకి ఆనించి తల ఎత్తాలి. వదిలేయండయ్యా అని బతిమాలుకోవాలన్నా అంతే. రెండేళ్ళ కిందట ఈ అమ్మాయి చేతులు నొప్పెట్టేదాకా పైకెత్తి పట్టుకున్న గడ్డాన్ని అతను తనంతట తనే కిందికి దించుకున్నాడు. ఎన్నిసార్లు దించుకున్నాడో, నూనంతా తలలోకి చేరింది.

"తలలోకి పోతే మళ్ళీ కిందికి రాదు," అంది డాక్టర్ లేయా. ఏడుస్తోందని గొంతు విన్నాకే తెలిసింది.

తడి ఫిల్మ్ క్లిప్పుకి తగిలించుకుని బయటికి వచ్చాం. పున్నయ్య గది మధ్యలో ఒక్కడే నిలబడి ఉన్నాడు. కానిస్టేబుల్ లేడు. నేను ఫిల్మ్ వెలుగుకి ఎత్తి చూపించాను.

"ఇది జోజి. చచ్చేముందు ఇతన్ని కాళ్ళకి తాడు కట్టి వేలాడదీశారు, పోయాక తెచ్చి కొట్లో పడుకోబెట్టి నిప్పు పెట్టారు. పెద్దిరాజు కొట్లో నిలబడితే నా తలకే రేకు తగిలింది, అక్కడ కోడిని కూడా వేలాడదీయలేరు. దానికి ఎత్తున దూలం కావాలి, పట్టుకోవడానికి మనుషులు కావాలి, అరిచినా ఎవరూ అడగని చోటు కావాలి. జోజి ఆఖరుసారి లోపలికి వెళ్ళిన గుమ్మం ఏదో మీకు నేను చెప్పాలా?"

"ఏదీ, ఇలా ఇవ్వండి," అన్నాడు.

నేను ఇవ్వలేదు. అతనే అందుకున్నాడు, తొందర పడకుండా, నా చేతిలోంచి జేబురుమాలు తీసుకున్నట్టు. వెలుగుకి పెట్టి కాసేపు చూశాడు. ఆ తర్వాత బొటనవేలు ఆ తెల్లచుక్కల మీద పెట్టి అడ్డంగా ఒక్క రుద్దు రుద్దాడు. మెత్తబడిన జిగురు మీగడలా లేచి వేలికి అంటుకుంది. పుర్రె మధ్యలో ఖాళీ గాజులాంటి మరక మిగిలింది.

"ఇక్కడేం కనిపించడం లేదే," అన్నాడు.

నేను అతని కాలర్ పట్టుకున్నాను. ఈ వయసులో, ఈ ఒంటితో! ఒక్క తోపుకి వెళ్ళి గోడకి గుద్దుకున్నాను. "ఇంకోటి తీస్తాం! వంద తీస్తాం!" అని అరిచాను.

"దేన్ని తీస్తారు?"

వెనక్కి తిరిగి చూశాను. బల్ల ఖాళీగా ఉంది. మేం చీకటి గదిలో ఉండగానే ఎత్తేశారు. వరండాలోకి పరిగెత్తాను. పంచాయతీ బండి గేటు దాటి ఎప్పుడో వెళ్ళిపోయింది. ఊరి చివర, తోటల అవతల, అప్పుడే నల్లగా పొగ లేస్తోంది. ఊదొత్తులూ ఏడుపులూ అక్కర్లేని శవం. కిరసనాయిలు పోసి అంటించి ఉంటారు.

సవరమ్మ స్తంభం దగ్గరే ఉంది. నా మొహం చూసి దగ్గరికి వచ్చింది. ఆవిడతో అబద్ధం చెప్పడానికి మనసు రాలేదు.

"ఆయనేనమ్మా. తలలో కనిపించింది మందు. ఆయన ఏ కొట్టూ కాల్చలేదు, ఎవర్నీ చంపలేదు. స్టేషన్‌లోనే..."

ఆవిడ పొగ వైపు చూసింది.

"ఇప్పుడే నా ముందునుంచి మోసుకెళ్ళారండి," అంది. "ఎవరో అనుకున్నాను. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పక్కకి జరిగాను. ఆయనకి దారిచ్చాను బాబుగారూ, కంపు కొడుతోందని మొహం తిప్పుకున్నాను."

డాక్టర్ లేయా గుమ్మంలోకి వచ్చింది. సవరమ్మ వెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "డాక్టరమ్మగారూ, మీరు చూశారుగా? ఆయన తప్పు చెయ్యలేదని ఒక్క మాట కాగితం మీద రాసివ్వండి. ఇంకేం అడగను. ముఠా వాళ్ళకి చూపించుకుంటాను, మా ఆయన మంచోడని."

పున్నయ్య డాక్టరు వెనకే నిలబడి వేలికంటిన జిగురు జేబురుమాలుతో తుడుచుకుంటున్నాడు. ఏమీ అనవలసిన అవసరం లేదు. ఆ ఊళ్ళో ఒంటరిగా, పోలీస్ స్టేషన్‌కి ఎదురుగా ఉన్న క్వార్టర్‌లో ఉండే పిల్ల డాక్టర్ లేయా.

"నేను... సరిగ్గా చూడలేదమ్మా," అంది డాక్టర్ లేయా తల వంచుకుని. "ఫిల్మ్ పాడైపోయింది."

ఆవిణ్ణి తిట్టాలని నోటిదాకా వచ్చింది. తిట్టలేకపోయాను. మీట నొక్కిన ధైర్యం ఆవిడదే, అది అంతవరకే సరిపోయింది. నేను మాత్రం ఏం చేశాను? నా ఒక్కడి మాట ఏ మేజిస్ట్రేటు నమ్ముతాడు, ఉద్యోగం మానేసిన పోలీసు పగబట్టాడంటారు.

సవరమ్మ డాక్టరు చేతులు వదిలేసింది. కోపంగా కాదు, వేడి గిన్నె దించినంత జాగ్రత్తగా వదిలింది. మెట్లు దిగబోతూ పున్నయ్య ముందు ఆగింది. అడిగేస్తుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. ఆవిడ అతని మొహంలోకి ఊరికే చూసింది. జోజి ఆఖరుసారి చూసిన మొహం అదేనని ఆవిడకి తెలిసిపోయింది, ఆవిడకి తెలిసిందని అతనికీ తెలిసింది.

పున్నయ్య టోపీ సర్దుకున్నాడు. మళ్ళీ నలగని మొహం.

"ఏమే సవరమ్మా, వాడింకా పరారీలోనే ఉన్నాడు," అన్నాడు. "ఇవాళ్టి నుంచి మీ ఇంటికి మనిషిని కాపలా పెడుతున్నాను, రోజూ వచ్చి ఇల్లు వెతుకుతారు. నీ మొగుడు ఇంటికొస్తే స్టేషన్‌కి కబురు చెయ్యి. వాణ్ణి దాచావని తెలిసిందో, నిన్నూ తీసుకెళ్తాను."